బొమ్మ చూపి కథ చెప్పుట: తెలుగునాటి చిత్రకథన సంప్రదాయములు

తరతరములుగా నోటినుండి నోటికి వచ్చుచున్న కథను బొమ్మ యెదుట నిలిపి నలుగురికి వినిపించు కళకు చిత్రకథన మని పేరు. బట్టపై వ్రాసిన పటము గాని, తోలున కోసిన ఆకృతి గాని, కలముతో గీసిన తెర గాని, కొయ్యను చెక్కిన ప్రతిమ గాని, చేతనున్నది ఏదియైనను కథకుడు చేయు పని యొక్కటియే: చెవికి చెప్పుచున్న దానిని కంటికి చూపుట. ఈ కళలో బొమ్మ కథకు పెట్టిన సొమ్ము కాదు; అది కథకు ఆనవాలు, కొలత, ఆధారము. కథకుని చేతికర్ర ఏ గడిపై ఆగునో కథయు అచ్చట నిలుచును. కర్ర కదలిన పిదపనే కథ కదలును. పటము చదువురానివారి పుస్తక మని కొందరు చెప్పుదురు గాని, ఆ మాట సరికాదని ఈ వ్యాసకర్త తలంపు. పుస్తకమును ఒంటరిగా కూర్చుండి చదువుకొనవచ్చును. పటమును అట్లు చదువ శక్యము కాదు. కథ యెరిగిన గొంతు ప్రక్కన లేనిచో, ఎంత చదివినవానికైనను అది యెర్రని నేలపై వరుసదీరిన మనుష్యులును గుర్రములును మాత్రమే.

కృష్ణాతీరమున ఈ విద్యకు నెలవులు పెక్కు గలవు. గన్నవరమున నిలిచి చూచినచో పడమట బెజవాడ దాటగనే కొండపల్లి, ఆగ్నేయమున బందరు చెంత పెడన, కృష్ణ కావలియొడ్డున అమరావతి కలవు. ఐనను పటమును విప్పి రాత్రులకు రాత్రులు కథ చెప్పు సంప్రదాయము తెలంగాణమున చేర్యాల ప్రాంతమునను, తోలుబొమ్మల నాడించు విద్య ముఖ్యముగా అనంతపురపు సీమలోని నిమ్మలకుంటయందును, కోస్తాలో కాకినాడ చెంత మాధవపట్నమునందును నిలిచినవి గనుక, ఈ విషయము చెప్పవలెనన్న తెలుగునేల నంతయు ఒకమారు చుట్టి రావలసియుండును.

భారతదేశమున ఈ కళ మిక్కిలి ప్రాచీనమైనది. విశాఖదత్తుని ముద్రారాక్షసమున చాణక్యుని చారుడొకడు యమపటమును చేతబట్టి ఇల్లిల్లు తిరిగి పాడుచు, ఆ నెపమున పాటలీపుత్రపు రహస్యములను తెలిసికొనును. బాణభట్టుని హర్షచరిత్రమున యమపటము చూపువా డొకడు అంగడివీథిలో, ఒక చేత పటమును, వేరొక చేత రెల్లుకాడను పట్టుకొని, చుట్టును మూగిన బాలురకు పరలోకవృత్తాంతమును వినిపించుచు కనబడును. పదునాలుగు వందల యేండ్లనాటి ఆ రెల్లుకాడ నేటి చేర్యాల కథకుని చేతికర్రగా ఇంకను మన కన్నులయెదుట ఉన్నది.

తెలుగునేలపై బొమ్మతో కథ చెప్పిన తొలి ఘనకార్యము బట్టపై గాక రాతిపై జరిగినది. జగ్గయ్యపేట స్తూపశిలపై మాంధాతృ చక్రవర్తి కథను, అమరావతీ స్తూపపు వేదికపై జాతకకథలను, బుద్ధుని చరితమును మలచిన శిల్పులు, భిక్షువుల నోటినుండి ప్రజలు వినుచుండిన కథలనే మలచిరి. వీనిలో నాలాగిరి గజదమన ఫలకమును కొంచెము నిలిచి చూడదగును. దేవదత్తుని దురాలోచనచే రాజగృహ వీథిలోనికి విడువబడిన మదపుటేనుగు ఆ వృత్తఫలకమున ఒక్కటి కాదు, రెండు మారులు కనబడును. ఒకవైపున అది జనులను త్రొక్కుచు, తొండముతో పట్టి యీడ్చుచు వచ్చుచున్నది; మేడల గవాక్షములనుండి స్త్రీపురుషులు భయాశ్చర్యములతో తొంగిచూచుచున్నారు; వేరొకవైపున అదే యేనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లియున్నది. ఒకే వీథి, ఒకే గుంపు, నడుమ గీత లేదు, గడి లేదు. చూపు ఎడమనుండి కుడికి జరుగునంతలో కాలము కూడ జరిగిపోవును. నడుమ ఏమి జరిగినదో శిల్పి చెప్పలేదు. చెప్పుటకు ప్రక్కన ప్రదక్షిణము చేయుచు కథ యెరిగినవారు ఉందురని అతడు నమ్మెను. 1797లో కల్నల్ మెకంజీ ఆ స్తూపపు దిబ్బను చూచినది మొదలు శిల్పములు పలుచోట్లకు తరలిపోయినవి. నాలాగిరి ఫలకము మద్రాసు ఎగ్మూరు మ్యూజియమున, మరికొన్ని లండనులోని బ్రిటిషు మ్యూజియమున ఉన్నవి. అమరావతికి ఇంత చేరువనున్న గన్నవరపు పిల్లలు తమ నదితీరపు ఏనుగును చూడవలెనన్న మద్రాసు రైలెక్కవలసియుండుట ఈ వ్యాసకర్తకు ఎప్పుడును బాధాకరముగనే తోచును.

వాఙ్మయమున ఆధారములు కొలదిగానైనను స్పష్టముగా ఉన్నవి. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమున బొమ్మలాటల ప్రస్తావము కలదు. క్రీడాభిరామమున ఓరుగంటి మాచల్దేవి చిత్రశాలయు, అందలి గోడలపై పురాణకథల చిత్రములును వర్ణింపబడినవి. ఆ చిత్రములు గోడను వదలి, చుట్టగా చుట్టబడి, భుజమెక్కి ఊరూరు తిరిగినప్పటి రూపమే పటము.

పటమును వ్రాయువారు నకాషీలు, పటమును విప్పి చెప్పువారు వేరు. ఈ పనివిభజనమే చేర్యాల సంప్రదాయపు జీవనాడి. చేర్యాల పూర్వము వరంగల్లు జిల్లాలోనిది, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనిది. నకాషీ మొదట ఖద్దరుగుడ్డను పరచి, బియ్యపుగంజి, సుద్దమట్టి, నానవేసి రుబ్బి ఉడికించిన చింతగింజల లప్ప, తుమ్మజిగురు కలిపిన పూతను ఒకటి ఆరిన పిదప వేరొకటిగా పూయును. పూత సరిగా కుదిరిన గుడ్డ చుట్టినను విరుగదు, విప్పినను పొడిరాలదు; వందలమారులు చుట్టి విప్పవలసిన వస్తువు గనుక ఇదియే పటమునకు ప్రాణము. పిదప ఉడుతవెండ్రుకల కుంచెతో రేఖలు దిద్ది, ఇంగిలీకపు ఎరుపుతో నేలను నింపును. పసుపునకు పేవిడి, నలుపునకు దీపపు మసి, తెలుపునకు శంఖపు పొడి, నీలమునకు నీలిమందు పూర్వాచారము. దేవతలు నీలమునను పసుపునను, రాక్షసులు ముదురు గోధుమవన్నెలోను, మనుష్యులు దేహచ్ఛాయలోను ఉందురు. కథకుడు దూరమున కూర్చున్న ముసలివారికి సయితము ఎవరు ఎవరో వేరుగా చెప్ప నక్కరలేకుండ రంగే చెప్పును.

పటము వెడల్పు సుమారు మూడడుగులు. నిడివి నలువది అడుగులకును మించవచ్చును. పైన వినాయకుడు, సరస్వతి మొదలగు దేవతలు. దిగువ కథ అడ్డగళ్ళుగా సాగును. గడికిని గడికిని నడుమ పూలతీగ అంచు. పాండవులు అరణ్యవాసమున తిరిగిన అడవియందు తెలంగాణపు తాటిచెట్లే ఉండును. పురాణస్త్రీలు కట్టిన చీరకట్టు, పెట్టిన నగలు చేర్యాల సంతకు వచ్చు స్త్రీలవే. ఇది చిత్రకారుని అజ్ఞానము కాదు. ఎవరి కులపురాణమును వారి యెదుటనే చెప్పవలసియుండగా, పురాణపురుషులు తమ యింటివారివలె కనబడుటయే ధర్మము.

ఏలయన ఈ కథలు సర్వజనులకును ఉద్దేశింపబడినవి కావు. ఒక్కొక్క కులమునకు ఆశ్రితులైన కథకులు ఆ కులపు పుట్టుపూర్వోత్తరములను చెప్పుటకే పటమును ఎత్తుదురు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ, భావనాఋషి వృత్తాంతములను, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథలను, గౌడులకు గౌడజెట్టివారు గౌడపురాణమును, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును చెప్పుదురు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందహెచ్చులవారు పటమునకు మారు రంగులు పూసిన కొయ్యబొమ్మలను పెట్టెలో తెచ్చి, కథలో ఎవరు ప్రవేశించిన వారి బొమ్మను పైకి తీసి నిలుపుదురు. ఈ కథకులకు ఏయే యూళ్ళలో కథ చెప్పు హక్కు కలదో అది మిరాశిగా తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచు వచ్చినది.

కూనపులివారు పటము విప్పిన రాత్రి సాలెవీథిలో ఏమి జరుగునో తలంచినచో ఈ కళయొక్క బలము తెలియగలదు. భావనాఋషి తామరతూండ్ల నూలుతో దేవతలకు వస్త్రము నేసిన గడి వచ్చినప్పుడు కథకుని కర్ర మగ్గముపై నిలుచును. ఎదుట కూర్చున్నవారందరును పగలెల్ల అటువంటి మగ్గముమీద పనిచేసి వచ్చినవారే. పడుగు, పేక, నాడె ఎట్లుండునో వారికి ఎవ్వరును చెప్పనక్కరలేదు. వారికి తెలియవలసినది తమ చేతిపని దేవతల మానమును కాపాడిన పని యనుట. ఆ మాటను కథకుడు పాడును, వంతలు అందుకొందురు, బొమ్మ సాక్ష్యము పలుకును. సమాజమున తమకు దక్కని గౌరవమును ఈ కులములు పటమునందు కాపాడుకొన్నవి. పదునేడవ శతాబ్దినుండియు ఇట్టి పటములు మిగిలియుండుటకు భక్తి యెంత కారణమో ఈ ఆత్మగౌరవమును అంత కారణము. హైదరాబాదులోని జగదీశ్ కమలా మిత్తల్ మ్యూజియమున భద్రపరచిన ప్రాచీన పటములు, జగదీశ్ మిత్తల్ వానిపై చేసిన పరిశోధనము లేకున్నచో ఈ చరిత్రలో చాల భాగము మనకు అందెడిది కాదు.

తోలుబొమ్మలాటలో బొమ్మ కదలును, కథకుడు కనబడడు. పటకథకు ఇది అక్షరాల విపర్యయము. మేక, దున్న తోళ్ళను, పూర్వము జింకతోలును సయితము, నానవేసి, వెండ్రుకలు గీకి, బిగించి ఆరవేసినపిదప వెలుగు దూరునంత పలుచనైన తోలుపై ఆకృతి గీసి కోయుదురు. నగలున్నచోట ఉలితో సన్నని రంధ్రములు తొలుతురు. దీపము వెనుక నున్నప్పుడు ఆ రంధ్రములే రత్నములై మెరయును. రంగు తోలునకు రెండువైపులను పూయుదురు గనుక తెరపై పడునది నల్లని నీడ కాక వన్నెల వెలుగు. తల, మొండెము, చేతులు, కాళ్ళు వేర్వేరుగా కోసి త్రాటిముడులతో కూర్చుటచే బొమ్మ మోచేయి మడుచును, నడుము వంచును, విల్లు ఎక్కుపెట్టును. ఆంధ్రపు బొమ్మ మనిషి నిలువెత్తు వరకు ఉండుట దీని ప్రత్యేకత. జావాద్వీపపు వయాంగ్ బొమ్మలు దీని ప్రక్కన చిన్నవి.

తెర కట్టు విధమున ఒక చిన్న విశేషము కలదు. రెండు తెల్లచీరలను ఒకదాని అంచుపై ఒకటి వచ్చునట్లు కట్టి, అతుకును ఈతముళ్ళతో గుచ్చుదురు. కదలనక్కరలేని బొమ్మలను, కొలువులో కూర్చున్న రాజును, ప్రక్కనున్న మంత్రిని, ఆ ముళ్ళతోనే తెరకు గుచ్చి నిలుపుదురు. అందుచే ఆటగాని చేతులు రెండును మాటాడుచున్న బొమ్మలకు మిగులును. పూర్వము ఆముదపు దీపములు, పిదప పెట్రోమాక్సు, ఇప్పుడు విద్యుద్దీపము. ఆముదపు దీపపు వెలుగు గాలికి ఊగునప్పుడు తెరపై బొమ్మ ఊపిరి పీల్చుచున్నట్లుండు నని పెద్దలు చెప్పుదురు. నిలుకడగల బల్బు ఆ ఊపిరిని తీసికొనిపోయినది. యుద్ధఘట్టమున ఆటగాండ్రు కాళ్ళక్రింది చెక్కపలకలను దబదబ త్రొక్కుదురు. మద్దెల, తాళములు, హార్మోనియము తోడగును. పద్యమునకు గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణపు ద్విపద ముఖ్యాధారము. నడుమ నడుమ కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి ఊరి సంగతులు మాటాడిపోవుదురు. వానలు కురియని యేడు విరాటపర్వము ఆడించుట రైతుల ఆచారము. ఈ ఆటగాండ్రలో పెక్కురు ఇంట ఆరెమరాఠీ మాటాడువారు. పరభాష ఇంటిభాషగా గల కుటుంబములు తెలుగు ద్విపదను ఇన్ని తరములు కంఠమున మోసికొనివచ్చుట తెలుగువారు మరువరాని ఋణము. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ లభించినది.

కలంకారి విషయమున రెండు ఊళ్ళు రెండు దారులు త్రొక్కినవి. శ్రీకాళహస్తిలో వెదురుకలముతో గుడ్డపై రామాయణ భారతములను గళ్ళుగా గీసి, గడిక్రింద తెలుగున వివరము వ్రాయుదురు. ఇవి ఆలయములయందు వ్రేలాడదీయుటకై పుట్టిన తెరలు. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి, చింతబొగ్గుతో తొలిరేఖ గీసి, ఇనుపముక్కలను బెల్లపునీట పులియబెట్టిన కసిమితో నలుపు దిద్దుదురు. కరక్కాయ తగిలినచోటనే కసిమి నల్లబడును. కుంచితమైపోయిన ఈ విద్యను గత శతాబ్ది మధ్యకాలమున కమలాదేవి చట్టోపాధ్యాయ పూనిక నిలిపినది. జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చినది. బందరు, పెడనలలో ఇదే విద్య అచ్చుదిమ్మెల పనియై, పూలు, లతలు, కల్పవృక్షములు, నెమళ్ళు మాత్రమే మిగిలినవి. గోలకొండ సుల్తానుల కొలువునకును, పారసీకపు వర్తకులకును, 1611లో బందరున కొట్టుపెట్టిన ఆంగ్లేయులకును కావలసినది దుప్పటి, తెర, అంగరఖా. రాముని కథ కాదు. ఓడనెక్కి పోవు గుడ్డ తనతో కథకుని తీసికొనిపోలేదు. మన డెల్టాలోని పెడన వీథులలో దిమ్మె అద్దుచున్న చప్పుడు ఎంత ముచ్చటగా వినబడినను, అందులో కథ లేని వెలితి కాళహస్తి తెర నొకమారు చూచినవారికి తెలియును.

కొండపల్లి బొమ్మలతో కథ చెప్పువారు వృత్తికథకులు కారు, ఇంటి స్త్రీలు. తెల్లపొణికి కొయ్యను చెక్కి, రంపపుపొట్టు చింతగింజల లప్పతో కలిపిన మక్కుతో అతికి, సుద్దపూసి రంగులు దిద్దిన దశావతారములు, ఏనుగు అంబారి, తాటిచెట్టెక్కు గీతకాడు సంక్రాంతికి గన్నవరపు చుట్టుప్రక్కల ఇండ్లలో బొమ్మలకొలువు మెట్లమీది కెక్కును. పేరంటమునకు వచ్చినవారి పిల్లలు "ఇదెవరమ్మమ్మా?" అని అడుగుదురు, అమ్మమ్మ మత్స్యావతారమునుండి ఎత్తుకొనును. బొమ్మలకొలువును అలంకారముగా ఎంచువారు ఈ ప్రశ్నను వినలేదని చెప్పవలెను.

భూగోళముపై ఎంతో దూరముననున్న వేరొక జాతి, చెవికి చెప్పు కథను కంటికి చూపుట యను ఇదే సమస్యను ఎదుర్కొన్న తీరు ఇచ్చట చెప్పదగియున్నది. ఉత్తరధ్రువప్రాంతపు ఇనూయిట్ ప్రజలకు పటములు లేవు, గుడిగోడలు లేవు. సుదీర్ఘమైన శీతరాత్రులలో దీపము చుట్టు కూర్చుండి చెప్పుకొను కథలు మాత్రము అపారములు. తండ్రి పడవనుండి త్రోసివేయగా, పడవయంచు పట్టుకొన్న వ్రేళ్ళను నరకగా, ఆ వ్రేళ్ళే సీలులును తిమింగిలములునై, తాను సముద్రమాతయైన సెడ్నా కథ వారిలో ప్రసిద్ధము. మనుష్యులు కట్టుదప్పినప్పుడు ఆమె జుట్టు చిక్కుపడును, వేటజంతువులు దాగిపోవును, మంత్రవేత్త అడుగునకు మునిగి ఆమె తల దువ్వి చిక్కుతీయవలెను. వారికి దాయాదులైన అలాస్కాలోని యూపిక్ బాలికలు కథాకత్తి యను చిన్న చురికతో బురదపైననో మంచుపైననో ఇంటి గీత, మనిషి గీత గీయుచు, చెరపుచు కథ చెప్పుదురు. వాకిట ముగ్గుపెట్టు తెలుగుపిల్లకు ఆ చేతికదలిక కొత్తది కాదు.

1948లో జేమ్స్ హ్యూస్టన్ అను కెనడా చిత్రకారుడు ఆ ప్రాంతమునకు పోయిన తరువాత వారి రాతిబొమ్మలు దక్షిణపు నగరములలో అమ్ముడుపోసాగినవి. అతడు జపానులో అచ్చుచిత్రపు విద్య నేర్చివచ్చి నేర్పగా, 1959లో అచ్చటి కిన్‌గయిట్ అను ఊరిలో సహకారసంఘము వెలసినది. కెనోజువక్ అషెవాక్ 1960లో వెలువరించిన మాయాగుడ్లగూబ చిత్రము 1970లో తపాలాబిళ్ళపై కెక్కినది. పిట్సియొలాక్ అషూనా అను వృద్ధురాలు తన బాల్యమునాటి గుడారములను, వేటలను వేలకొలది రేఖాచిత్రములుగా గీసినది. గమనింపవలసిన దేమన, అచ్చట గొంతు ముందు, బొమ్మ పిదప. సంచారజీవనము చెదరి, కథ చెప్పు సందర్భములే తగ్గిపోవుచున్నప్పుడు కథ రాతిలోనికిని కాగితములోనికిని వచ్చి తలదాచుకొన్నది. మన పటము అట్లు కాదు. అది గొంతుతో కలసి పుట్టినది. గొంతు దూరమైనచో అర్ధాంగము పోయినట్లే.

నేడు చేర్యాలలో జరుగుచున్నది అదే. కథకుల మేళములు తరిగినవి. నలువది అడుగుల పటమునకు అడుగువారు అరుదు. ధనాలకోట వైకుంఠము వంటి నకాషీలు విద్యను విడువక, ఒక గడిని మాత్రము వేరుచేసి అద్దపుచట్రమునకు తగినట్లు వ్రాయుచు, చింతగింజల లప్పతో ముఖములు, బొమ్మలు చేయుచు బ్రతుకుదెరువు నిలుపుకొన్నారు. హస్తకళల అంగడిలో కొన్న పటమున సంత, పొలము, బోనము అందముగనే ఉండును. ఆ బొమ్మకు ముందేమి జరిగినదో, వెనుక ఏమి జరుగునో చెప్పువారుండరు. పటమును కొనినవారిని నిందింప పనిలేదు. వారి కొనుగోలువలననే కుంచె నిలిచినది. కథకునికి మాత్రము అట్టి కొనుగోలుదారుడు దొరకలేదు. పురస్కారములును శిక్షణకేంద్రములును చిత్రకారుని చేరినంతగా కూనపులి ఇంటిని, కాకిపడగల ఇంటిని చేరలేదు. పాటను, వంతను, ఏ గడివద్ద ఎంతసేపు ఆగవలెనో ఆ యెరుకను ధ్వనిముద్రణమున పట్టి, పటముతో జతపరచి భద్రపరచుట తక్షణము జరుగవలసిన పని.

మేళము నిలిచియున్నచోట పాత పద్ధతి ఇట్లు సాగును. పటము చీకి, మడతలకడ బొమ్మలు చెరగినప్పుడు కథకులు దానిని భుజమున పెట్టుకొని నకాషీ యింటికి వత్తురు. పాతది నేలపై పరతురు. వరుస తప్పకుండ ఏ గడిలో ఏమున్నదో కథకుడు చెప్పుచుండగా, చెరగినచోట ఏముండవలెనో పాడి వినిపించుచుండగా, చిత్రకారుడు క్రొత్తగుడ్డపై రేఖ దించును. పని ముగిసినపిదప క్రొత్త పటమునకు పూజ చేసి కథకుల కప్పగింతురు. పాత పటమును పారవేయరు. దానికిని పూజచేసి, కొనిపోయి నదిలో విడుతురు.